వెబ్‌సైటు కట్టే మేస్త్రీ

కామాటిపురాకు ఆ పేరు మన కామాటీలవల్ల వచ్చిందని ఈ పత్రిక పాఠకులకు మేము వేరే చెప్పనక్కరలేదు. నిజాము రాజ్యంనుంచి వచ్చి, ఈ మహానగరానికి రాళ్లు మోసి గోడలు లేపినవారు మన పెద్దలు. ఇల్లు కట్టించదలచినవాడు మేస్త్రీ మాటలు విని బయానా యివ్వకూడదు, అతడు లోగడ కట్టిన యింటికి వెళ్లి వానాకాలంలో గోడ చెమ్మగిల్లుతున్నదేమో చూడాలి అని వారు చెప్పగా విన్నాము.

ఇప్పుడు మన పిల్లలు అంగడికి వెబ్‌సైటు కావాలంటున్నారు. సంతోషమే. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు దేశంలో ఇంటర్‌నెట్‌ను ప్రజలకు తెరిచిననాడు అది పెద్ద కంపెనీల వ్యవహారం. నేడు గల్లీలోని దర్జీ చేతిలోనూ అది వున్నది. అయితే ఈ పని చేసిపెట్టే డిజైనరును యెంచుకునేటప్పుడు మాత్రం, మేనల్లుడి స్నేహితుడనో, అందరికన్న తక్కువకు ఒప్పుకున్నాడనో చూసి సరిపెట్టుకుంటున్నాము. పెళ్లిసంబంధానికి పదిమందిని విచారించే మనము దీనికి ఒక్కరినీ విచారించము!

మాకు తెలిసిన చీరల వ్యాపారి ఒకాయన వున్నారు. తండ్రిగారి పేరుమీద చక్కని వెబ్‌సైటు పెట్టించారు. షోలాపూరు, భివండీలలో వున్న మనవాళ్లు గద్వాల చీరలు, పోచంపల్లి చీరలు అందులో చూసి తెప్పించుకునేవారు. చేతిసంచులమీదకూడా ఆ చిరునామాయే అచ్చువేయించారు. మూడో యేడు శ్రావణమాసంలో, సరిగ్గా గిరాకీ వేళకు, సైటు మాయమైనది. విచారించగా తేలినదేమంటే, ఆ చిరునామాను డిజైనరు తన పేరున, తన ఈమెయిలుతో రిజిస్టరు చేసుకున్నాడు. గడువు తీరుతున్నదని వచ్చిన నోటీసులన్నీ అతనికే పోయాయి. అతడు వూరు మారాడు, ఫోను నంబరూ మారింది. కొంతకాలానికి ఆ పేరును యెవరో కొనుక్కున్నారు. తండ్రి పేరు పరాయివాడి చేతికి పోయిందని ఆయన పడిన బాధ మేము కళ్లారా చూశాము. సంచులు తిరిగి అచ్చువేయించుకోవచ్చును గాని, పేరు అట్లా తిరిగి రాదు గదా.

చాళ్లలో పెరిగినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. ఖోలీలో కాపురముండేది యెవరైనా, భాడే పావతి యెవరి పేరున వుంటే హక్కు వారిది. వెబ్‌సైటు చిరునామా, అనగా డొమైను, అచ్చం పావతివంటిది. అది మీ పేరున, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో వుండాలి. డబ్బు మీరే నేరుగా కట్టండి. సైటు కాపురముండే చోటును హోస్టింగు అంటారు, దాని తాళంచెవి, అంటే పాస్‌వర్డుకూడా మీవద్ద వుండాలి. ఈ మాట మొదటినాడే అడగండి. "అదంతా మేం చూసుకుంటాం లెండి" అని నవ్వేసేవాడు యెంత మంచివాడైనా అతనికి పని వొప్పజెప్పవద్దు.

మేము ఆఫీసులో గుమాస్తాలము. కుర్చీలు కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించి, పక్కపక్కన పట్టికవేసి చూడటం మాకు అలవాటు. ఇక్కడా అదే చేయవచ్చును. కాని మొత్తాలు చూసి మోసపోకూడదు. ఒకడు చెప్పిన ధరలో యేటేటా కట్టవలసిన డొమైను, హోస్టింగు రుసుములు చేరివుంటాయి, యింకొకడి ధరలో వుండవు. పద్ధెనిమిది శాతం జీఎస్టీ లోపలో బయటో అడగాలి. తర్వాత ధరలు మారిస్తే, కొత్త ఫోటోలు పెడితే యెంత తీసుకుంటాడో అదికూడా కాగితంమీద వుండాలి. డబ్బు ఒక్కసారి యివ్వక, పని సాగినకొద్దీ వాయిదాలుగా యివ్వండి. మరొక ముఖ్య విషయం: 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కు బదిలీ కావాలంటే వ్రాతమూలకంగా, యిచ్చేవాడి సంతకంతో వుండాలి. కాబట్టి సైటు డిజైనుపై హక్కు మీకు యిస్తున్నట్లు ఒక్క వాక్యం ఒప్పందంలో వ్రాయించుకోండి.

లోగడ అతడు చేసిన సైట్లు రెండుమూడు చూడండి. పెద్ద కంప్యూటరుమీద కాదు, యింట్లో వున్న పాత ఫోనుమీద. మన గిరాకీలు చూసేది దానిమీదనే. ఆ సైట్ల యజమానులకు ఫోనుచేసి, పూర్తి డబ్బు ముట్టిన తర్వాతకూడా ఇతడు ఫోను యెత్తుతున్నాడా అని అడగండి. మా దృష్టిలో అన్నిటికన్న విలువైన ప్రశ్న యిదే.

తెలుగు విషయంలో మన ఆంధ్రులకు ప్రత్యేకమైన చిక్కు వొకటున్నది. కొందరు డిజైనర్లు తెలుగు మాటలను బొమ్మగా అతికిస్తారు, లేదా అచ్చుకూటాల్లో వాడే పాత ఫాంట్లతో పెడతారు. చూపుకు బాగానే వుంటుంది గాని, గూగుల్‌లో తెలుగున వెతికేవారికి సరిగా దొరకదు. 1991లో వెలువడిన మొదటి యూనికోడు ప్రమాణంలోనే తెలుగు వున్నది. మండలి, సురవరం, గురజాడ వంటి చక్కని ఫాంట్లు గూగుల్‌వద్ద ఉచితంగానే దొరుకుతాయి. పరీక్ష సులువు: సైటులోని ఒక తెలుగు వాక్యాన్ని కాపీచేసి వాట్సప్‌లో అతికించండి. అక్కడా తెలుగుగానే కనబడితే సరే. పిచ్చి గీతలు వచ్చినా, అసలు కాపీ కాకపోయినా డిజైనరును నిలదీయండి.

ఇంకొక మాట. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో మనవాళ్లు నాలుగు తీరుల వ్రాస్తారు. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారికి అర్థమయ్యే పేరు చూసుకోండి.

అందరికీ వెబ్‌సైటు అవసరమని మేము అనము. గల్లీ దాటని వ్యాపారానికి, వచ్చేవారందరూ ముఖపరిచయమున్న దుకాణానికి, గూగుల్ పటంలో పేరు, వేళలు, ఫోను నంబరు ఉచితంగా చేర్చుకుంటే చాలును. అదైనా మీ ఈమెయిలుతోనే సుమండీ! పైవూళ్లకు సరుకు పంపేవారికి, పెద్ద కంట్రాక్టులకు పోయే రంగులపని, కట్టుబడిపని మేస్త్రీలకు మాత్రం సొంత సైటు పెట్టడం న్యాయం. వారు చేసిన పనుల ఫోటోలు పదీ పదిహేను అందులో వుంటే, టెండరు పిలిచేవారు ముందుగా వాటినే చూస్తారు. ఆ ఫోటోలను పని ముగిసిన రోజునే తీసి వుంచుకోండి, తర్వాత ఆ యింటివారు లోపలికి రానివ్వకపోవచ్చును.