పాకెట్టు తిండికి కొలత ఏది?

"నిన్న మీ ఇంట్లో ఏం వండారమ్మా?"

పల్లెల్లో తిండి లెక్కలు తీసేవారు ఇల్లాలిని ముందుగా అడిగే ప్రశ్న ఇది. 1972లో ఏర్పడి 2015లో మూతపడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం వారు ఈ ప్రశ్నతోనే ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారికి కేంద్రం. బియ్యం ఎన్ని పోశారు, పప్పు ఎంత వేశారు అని అడిగి, వండినదానిలో ఎవరు ఎంత తిన్నారో కొలత గిన్నెలు ముందుంచి గుర్తు చేయిస్తారు. దానినిబట్టి ఒక్కొక్కరి వంతు తేలుతుంది.

తిండిని గమనించడం వృథా పోదు. పెల్లాగ్రా వ్యాధి మొక్కజొన్న తినేవారికే వస్తుందని లోకం అనుకొనేది. దక్కనులో జొన్న తినేవారికీ వస్తున్నదనీ, జొన్నలో హెచ్చుగా వుండే ల్యూసిన్ అందుకు కారణం కావచ్చుననీ డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో వ్రాశారు.

మరి ఇప్పుడో? నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జొన్నగటక పోయి వరియన్నం వచ్చింది. దానికి తోడు కిరాణా కొట్టు గుమ్మానికి తోరణాల్లా పాకెట్లు వేలాడుతున్నవి. ఐదు రూపాయల చిప్సు పాకెట్టు పొయ్యి ఎక్కదు, కొలత గిన్నెలో పడదు. పిల్లవాడు బడిదారిలోనే తినేస్తాడు, తల్లికి తెలియదు. వలసపోయిన తండ్రి పట్నంలో ఏం తిన్నాడో ఇంటివారు చెప్పలేరు.

ఇంతకూ దేనిని లెక్కించాలి? బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు కార్లోస్ మొంటీరో 2009లో సూచించిన 'నోవా' పద్ధతిలో ఆహారం నాలుగు తరగతులు. జొన్నలు, పాలు వంటివి మొదటివి. నూనె, ఉప్పు, బెల్లం రెండవవి. ఈ రెంటితో సాదాగా నిలవచేసినవి మూడవవి. వంటింట్లో కనిపించని రంగులు, వాసనలు కలిపి కార్ఖానాలో తయారయ్యేవి నాలుగవవి. ఇంట్లో చేసిన సకినాలు నూనెలో వేగినా ఇందులో చేరవు. కూల్‌డ్రింకు, పాకెట్టు నూడుల్సు చేరుతాయి. 2019లో అమెరికాలో 20 మందికి ఇటువంటి తిండి రెండు వారాలు పెట్టి చూస్తే, రోజుకు సుమారు 500 కాలరీలు ఎక్కువ తిన్నారట!

కొలతలోనూ చిక్కులున్నవి. పావులీటరు కూల్‌డ్రింకు 250 గ్రాములు తూగుతుంది, శక్తి మాత్రం 110 కాలరీలే. 50 గ్రాముల బిస్కట్లలో సుమారు 225 కాలరీలు! తూకంలో డ్రింకుదే పైచేయి, శక్తిలో బిస్కట్టుది.

పోనీ, డబ్బుతో కొలుద్దామా? 2022-23 ప్రభుత్వ సర్వేలో దేశంలోని పల్లెవాసుల ఖర్చులో ధాన్యానికి 4.91 శాతం పోతే, పానీయాలకు, ఫలహారాలకు, పాకెట్టు తిండికి కలిపి 9.62 శాతం పోయింది. అయితే ఆ పద్దులో హోటలు టీ కూడా వున్నది సుమా!

కనుక ఇంట్లో ఒక చిన్న పని చేయవచ్చు. వారం రోజులు ఖాళీ పాకెట్లను పారవేయక ఒక డబ్బాలో వేయమని పిల్లలకు చెప్పండి; కోప్పడకుండా, వారినే అడగండి. ఆదివారంనాడు పాకెట్ల మీది కాలరీలు కూడండి. కొలత గిన్నెకు అందనిది ఆ డబ్బాకు అందుతుంది.