నమ్మకమైన గళం – మార్క్ టల్లీ

వార్తకు ప్రాణం విశ్వసనీయత. దానిని రేడియో ద్వారా ఆర్జించిన పాత్రికేయుడు మార్క్ టల్లీ. 1935లో కలకత్తాలో జన్మించిన ఆయన, 1964లో బ్రిటన్ ప్రజాప్రసార సంస్థయైన బి.బి.సి.లో చేరారు. మరుసటి సంవత్సరం ఢిల్లీకి కార్యాలయ ఉద్యోగిగా వచ్చి, క్రమంగా విలేకరిగా రూపొందారు.

1975లో అత్యవసర పరిస్థితి విధించిన ప్రభుత్వం, సెన్సారు నిబంధనలకు లోబడి ఉంటామని సంతకం చేయవలసిందిగా విదేశీ విలేకరులను కోరింది. అందుకు సమ్మతింపక టల్లీ దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1977లో ఆయన తిరిగి వచ్చారు. 1992 డిసెంబరులో అయోధ్యలో ఆగ్రహించిన గుంపు ఆయనను ఒక గదిలో బంధించింది. మరుసటి సంవత్సరం తన సంస్థ యాజమాన్య ధోరణినే బహిరంగంగా విమర్శించి, 1994లో రాజీనామా చేశారు.

ఒకనాడు వెళ్ళిపొమ్మన్న దేశమే 2005లో ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది. అధికారం ఎవరిదైనా సత్యం పక్షాన నిలిచే గళమే చిరకాలం నిలుస్తుంది.