మీకు తెలుసా? అరబ్బీలో ఇంటి మాట వేరు, బడి మాట వేరు

అరబ్ దేశాల టీవీల్లో వార్తలు చదివే భాషను ఇంట్లో ఎవరూ మాట్లాడరు. దాని పేరు ‘ఫుస్‌హా’. పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ప్రభుత్వ కాగితాలు అన్నీ అందులోనే. పిల్లలు తల్లి దగ్గర నేర్చేది మాత్రం తమ ప్రాంతపు మాండలికం.

ఆ మాండలికాల మధ్య దూరం తక్కువేం కాదు. ‘ఎలా ఉన్నావ్?’ అనడానికి కైరోలో ‘ఇజ్జయ్యక్’, కువైట్‌లో ‘ష్లోనక్’, మొరాకోలో ‘లాబాస్’. అదీ మగవాణ్ని అడిగితేనే. ఆడవాళ్లయితే కైరో, కువైట్ పలకరింపుల చివర మారిపోతుంది! మొరాకోవాళ్లు గబగబా మాట్లాడితే గల్ఫ్‌వాళ్లు తెల్లమొహం వేస్తారు. ఈజిప్టు మాట మాత్రం చాలామందికి అర్థమవుతుంది. ఆ ఘనత కైరో సినిమాలది, గాయని ఉమ్ కుల్సుమ్ పాటలది.

అరబ్బీ నుంచి పుట్టిన మాల్టా దేశపు భాష మాల్టీస్‌ది మరో దారి. దాన్ని రోమన్ లిపిలో, ఎడమ నుంచి కుడికి రాస్తారు. 2004లో యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో చేరింది.

కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లకు పనిచోట ఎక్కువగా వినబడేది వీటిలో ఏదీ కాదు. వ్యాకరణాన్ని చాలావరకు పక్కన పెట్టేసిన కలగలుపు అరబ్బీ అది. భాషావేత్తలు దాన్ని ‘గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ’ అంటారు.