మీకు తెలుసా? కొండగట్టులో ఏటా రెండు హనుమాన్ జయంతులు

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రంలో వేసవి అంతా జాతరలా సాగుతుంది. ఇక్కడ చైత్ర పౌర్ణమిని చిన్న జయంతిగా, వైశాఖ బహుళ దశమిని పెద్ద జయంతిగా జరుపుతారు.

● ఈ రెండు తిథుల నడుమ వ్యవధి సుమారు 41 రోజులు, అంటే ఒక మండలం. చిన్న జయంతికి మాల వేసుకున్న భక్తులు పెద్ద జయంతికి దీక్ష విరమిస్తారు. మండల దీక్ష చేయలేనివారు 21 లేదా 11 రోజుల దీక్ష పడతారు.

● దీక్షాపరులు కాషాయ వస్త్రాలు ధరించి, చెప్పులు లేకుండా తిరుగుతారు. చాలామంది ఊళ్ల నుంచి కాలినడకనే వస్తారు. గుట్టపై తలనీలాలిచ్చి, కోనేట్లో స్నానం చేసి, ఇరుముడి సమర్పించి మాల తీస్తారు.

● మామూలు రోజుల్లో మంగళ, శనివారాలే రద్దీ రోజులు. వేసవి సెలవుల్లో కుటుంబాలు వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించి, కొండగట్టు అంజన్నను దర్శించి, ధర్మపురిలో గోదావరి స్నానం, నరసింహస్వామి దర్శనంతో యాత్ర ముగించడం పరిపాటి. కరీంనగర్ దారిన తిరిగి వెళ్లేవారిలో కొందరు సాయంత్రం దిగువ మానేరు జలాశయం కట్టపై ఆగుతారు.

● స్థలపురాణం ప్రకారం, తప్పిపోయిన పశువును వెతుకుతూ గుట్టెక్కిన సింగం సంజీవుడనే పశువుల కాపరికి ఇక్కడి స్వామి విగ్రహం కనిపించింది. ఆ విగ్రహానికి ఆంజనేయుడితోపాటు నారసింహ ముఖం కూడా ఉండటం విశేషం.