చదువరాని లిపిలో చుక్కల పంచాంగము

నూజివీడు సీమలో మామిడితోట గలవారికి రెండు కాలమానములు వాడుకలో నున్నవి. ఒకటి గోడమీది ఇంగ్లీషు క్యాలెండరు. కౌలు గడువులకు, బ్యాంకు వాయిదాలకు, నున్న మార్కెటునకు కాయ తోలుటకు అది అక్కరకు వచ్చును. రెండవది కార్తెల లెక్క. పూత, పిందె, కోత, తొలకరి అను మాటలు వచ్చినప్పుడు పెద్దల నోట తేదీకంటె ముందు కార్తె పేరే పలుకును.

సూర్యుడు ఏడాది పొడవున ఆకాశమున నడచు త్రోవను మన పూర్వులు 27 నక్షత్రభాగములుగా విభజించిరి. ఒక్కొక్క భాగము దాటుటకు సూర్యునకు 13 లేక 14 దినములు పట్టును. ఆ వ్యవధియే కార్తె. ఏప్రిల్ నడుమ అశ్విని, మే 11 ప్రాంతమున కృత్తిక, మే 25 ప్రాంతమున రోహిణి, జూన్ 8 ప్రాంతమున మృగశిర ప్రవేశించును. డిసెంబరు కడపట వచ్చు పూర్వాషాఢ మొదలు కొమ్మలకు పూత కన్పట్టును. భరణి, కృత్తిక కార్తెలలో రసాలకు, బంగినపల్లికి కోతలు ముమ్మరముగా నుండును. రోహిణిలో రోళ్లు పగులునన్న సామెత ఎల్లరు ఎరిగినదే. మృగశిర వానలు పడిన పిమ్మట చెట్టున మిగిలిన కాయకు ఈగపోటు తప్పదు.

ఇందులో ఒక విశేషము గలదు. ఏ నక్షత్రము పేరిట కార్తె నడచునో ఆ నక్షత్రము ఆ దినములలో చాలమట్టుకు కంటికి కనబడదు. సూర్యుడు దాని సరసనే యుండుటచేత అది పగటి వెలుగులో మునిగి యుండును. కృత్తికలను మన పల్లెలలో పిల్లలకోడి యందురు. మే నెల మొదట ఆ గుంపు పడమటి సంధ్యలో మాయమగును. తోటలలో కోత సాగినంత కాలము అది కానరాదు. జూన్ నడుమ, తొలకరి మబ్బులు విచ్చిన యొక వేకువను, తూర్పున మరల తొంగిచూచును. ఈ మాయమగుటను, మరల తోచుటను గుర్తు పెట్టుకొన్నవానికి అక్షరజ్ఞానము లేకున్నను సంవత్సరము చేతికి చిక్కినట్లే.

ఇదే చుక్కల గుంపును పసిఫిక్ మహాసముద్రమునందలి పాలినీషియనులు మతారికి యనిరి. న్యూజీలాండులో 2022 నుండి మతారికి దినము ప్రభుత్వ సెలవుదినముగా నున్నది. ఆ జాతివారు తూర్పుగా పోయి స్థిరపడిన కట్టకడపటి దీవి రాపానుయి. 1722లో ఈస్టరు పండుగనాడు డచ్చి నావికుడు రొగెవీన్ దానిని చూచుటచేత ఈస్టరు ద్వీపమని పేరు వచ్చినది. చుట్టును సుమారు రెండువేల కిలోమీటర్ల దూరము వరకు జనవాసము లేని ఆ చిన్న దీవి, పెద్ద రాతి విగ్రహములవలననే లోకప్రసిద్ధమైనది. అంతకంటె అబ్బురమైనది అక్కడి లిపి. దాని పేరు రొంగొరొంగొ.

1864లో యూజీన్ ఎయ్‌రో అను క్రైస్తవ మతసేవకుడు ఆ దీవి ఇండ్లలో వింత గుర్తులు చెక్కిన కొయ్యపలకలు చూచినట్లు వ్రాసెను. మనుష్యులు, పక్షులు, చేపలు, చంద్రవంకలు మున్నగు చిన్న చిన్న రూపములు వరుసలు తీరి యున్నవి. పొలమున నాగలి చాలు కొసన మరలునట్లు ఇందులో పంక్తియు మరలును. అంతే కాదు, ఒక పంక్తి ముగిసినంతనే పలకను తలక్రిందులు చేసి తరువాతి పంక్తి చదువవలెను. నేటికి లోకమున మిగిలిన వస్తువులు సుమారు రెండు డజనులు మాత్రమే. అందులో ఒక్కటియు ఆ దీవిలో లేదు.

చదువగలవారు ఏమైరి? 1862 డిసెంబరు మొదలుకొని పెరూనుండి వచ్చిన బానిస వర్తకుల ఓడలు దీవివాసులను సుమారు 1,500 మందిని చెరపట్టి కొనిపోయినవి. తిరిగి వచ్చిన కొలదిమందితోపాటు మశూచియు వచ్చినది. 1877లో దీవి జనసంఖ్య 111. ఒక్క తరములో లిపి మూగవోయినది. ఆ కాలముననే తాహితి దీవిలోని బిషప్పు జోసాన్, మెటోరో అను రాపానుయి వానిని పిలిపించి పలకలు చేతికిచ్చి చదివించెను. అతడు పాడినది బిషప్పు శ్రద్ధతో వ్రాసికొనెను. కాని అతడు ఒక్కొక్క బొమ్మను చూచి దాని రూపమును వర్ణించెనే గాని చదువలేదని పండితులు తేల్చిరి. పలకమీది పూర్ణచంద్రుని గుర్తును సయితము అతడు ఆనవాలు పట్టలేకపోయెను.

ఆ పూర్ణచంద్రుడు మామరి యను పలకమీద నున్నాడు. జర్మను పండితుడు థామస్ బార్తెల్ లభ్యమైన గుర్తులన్నిటికి సంఖ్యలు వేసి 1958లో గొప్ప గ్రంథము ప్రకటించెను. మామరి పలకమీది రెండు మూడు పంక్తులలో చంద్రవంకలు పదేపదే వచ్చుట చూచి, ఇది చాంద్రమాసపు రాత్రుల పట్టిక యని ఆయన చెప్పెను. 1990లో జాక్ గీ అను భాషావేత్త ఆ వాదమును ఇంకను బిగించెను. వరుసలో నడుమ నడుమ ఒకే గుర్తుల సముదాయము మరల మరల వచ్చి రాత్రులను గుంపులుగా విడదీయును. ఆ సముదాయమునందలి చేప, పున్నమికి ముందు తల పైకి, పున్నమి తరువాత తల క్రిందికి ఉండును. మనవారికి చందమామలో కుందేలు కనబడినట్లు ఆ దీవివారికి వంటపొయ్యి రాజేయు ముసలమ్మ కనబడును. పట్టిక నడుమ ఆమె గుర్తు నిలిచియున్నది.

ఇంతమాత్రమున నమ్మదగునా యని శ్రోతలు అడుగవచ్చును. నమ్మదగిన ఆధారము పలకకు వెలుపల నున్నది. 1886లో దీవికి వచ్చిన అమెరికా నౌకాధికారి థామ్సన్, అటుపిమ్మట 1930 దశకమున వచ్చిన మెత్రో, వృద్ధుల నోటినుండి రాత్రుల పేర్లు వ్రాసికొనిరి. అందు కొన్ని రాత్రులకు ప్రత్యేక నామములు గలవు. మరికొన్నిటికి కొకోరె ఒకటి, కొకోరె రెండు అని సంఖ్యలే పేర్లు. మనము విదియ, తదియ, చవితి అనుకొన్నట్లు. పున్నమికి ముందు అట్టి కొకోరెలు ఆరు, తరువాత ఐదు. పలకమీది వంకల గుంపులు ఈ పేర్ల క్రమముతో పొందుచున్నవి. 28 ముఖ్యరాత్రులకు, చంద్రగతిని సరిచూచుటకై అవసరమైనపుడు చేర్చు రెండు రాత్రులకు గూడ చోటు దొరకినది. లెక్క సరిపోయినది, క్రమము సరిపోయినది, సాక్ష్యము వేరొక చోటనుండి వచ్చినది. అయినను ఆ గుర్తులను ఏ ధ్వనులతో పలికిరో నేటికిని తెలియదు. పంచాంగమని తెలిసినది, చదువుట మాత్రము రాలేదు.

ఈ ఒక్క విజయము చూచి పలువురు మిగిలిన పలకలన్నియు ఆకాశమును గూర్చినవే యనిరి. ఈ పక్షి ఫలాని నక్షత్రము, ఈ చేప ఫలాని గ్రహము, ఈ వరుస ఒక గ్రహణము అని వ్యాఖ్యానములు వెలువడినవి. పాలినీషియనులు చుక్కలను చూచి సముద్రము దాటిన నావికులు గనుక ఊహ అసంభవమైనది కాదు. కాని ఏ పక్షికి ఏ నక్షత్రమో వ్యాఖ్యాత ఇష్టమైనపుడు, ఆకాశమున వేల చుక్కలుండగా, ఏదో ఒకటి కుదురకపోదు. తప్పగుటకు అవకాశమే లేని వ్యాఖ్య ఒప్పు అని రుజువు చేయుటకును అవకాశము లేదు.

ఈ ప్రశ్న మన గడపలోనికి గూడ వచ్చినది. తెలంగాణమున నారాయణపేట జిల్లా కృష్ణా మండలములో, కృష్ణానది ఒడ్డున, ముడుమాల గ్రామమున్నది. అచ్చట 10 మొదలు 14 అడుగుల ఎత్తు గల నిలువురాళ్లు సుమారు 80, వాటి చుట్టు వరుసలు తీర్చిన చిన్నరాళ్లు వేలకొలది గలవు. బృహచ్ఛిలాయుగపు టీ స్థలము 3,500 సంవత్సరముల నాటిదని అంచనా. గ్రామస్థులు నిలువురాళ్ల తిమ్మప్ప యని కొలుచుదురు. 2025లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. అందొక రాతిమీద సుమారు 30 గుంటలు తొలిచి యున్నవి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె. పి. రావు అందులో సప్తర్షి మండలమును గుర్తించిరి. ఈస్టరు ద్వీపమున 1914-15లో పరిశోధించిన కాథరిన్ రౌట్లెడ్జ్ అను విదుషీమణికి గూడ అక్కడివారు గుంటలు గల యొక బండను చూపి, చుక్కల పటమని చెప్పుట చిత్రమైన సామ్యము.

ముడుమాల గుంటలు సప్తర్షులేనా? ఒక చిన్న లెక్క చూడుడు. 30 గుంటలనుండి ఏడింటిని ఏరుకొనుటకు 20,35,800 విధములు గలవు. అన్ని విధములలో గరిటె ఆకారము ఒకటి తోచుట కష్టము కాదు. కావున గుంటల పోలిక ఒక్కటియే చాలదు. మఱియొక సంగతి. నేడు సప్తర్షులలోని మొదటి రెండు చుక్కలు ధ్రువుని చూపును. 3,500 సంవత్సరముల క్రిందట ఉత్తర ధ్రువస్థానము నేటి ధ్రువనక్షత్రము దగ్గర లేదు. ఆ రాయి ధ్రువుని చూపుటకే నిలిపిరనువారు ఈ చిక్కునకు సమాధానము చెప్పవలెను.

కాని రాళ్ల వరుసల సంగతి వేరు. కొన్ని వరుసలు ఉత్తరాయణ, దక్షిణాయన దినముల సూర్యోదయాస్తమయ దిక్కులకు సరిపోవుచున్నవని పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ అక్షాంశమున జూన్ 21న సూర్యుడు తూర్పునుండి ఉత్తరమునకు సుమారు 24 డిగ్రీల దూరమున ఉదయించును. 3,500 సంవత్సరములలో ఈ దిక్కు మారినది అర డిగ్రీ మాత్రమే. కనుక ఎవరైనను ఆ తెల్లవారుజామున అచ్చట నిలిచి సరిచూచుకొనవచ్చును. పరీక్షకు నిలుచు మాట అనగా నిదియే.

సింధులోయ ముద్రలమీది చేప గుర్తును గూర్చియు ఇట్టి చర్చయే నడచినది. ఫాదర్ హెరాస్, పిమ్మట ఫిన్లాండు పండితుడు అస్కో పర్పోలా ఆ చేపను నక్షత్రమని చదివిరి. ద్రావిడ భాషలలో మీను అనునది చేపకును, తమిళమున చుక్కకును పేరు. ఆరు గీతలతో చేప వచ్చిన కృత్తికలు, ఏడు గీతలతో వచ్చిన సప్తర్షులు అని వారి వాదము. శబ్దసామ్యము ముచ్చటైనది. కాని మామరి పలకకు దొరకిన రాత్రుల పట్టికవంటి సాక్షి దీనికి ఇంకను దొరకలేదు.

నిజమైన నక్షత్ర పంచాంగమునకు మరియొక లక్షణము గలదు: తన వయస్సును అది తానే చెప్పును. భూమి అక్షము బొంగరమువలె మెల్లగా తిరుగుటచేత ఋతువులు నక్షత్రముల నడుమ వెనుకకు జరుగుచుండును. ఈ జరుగుడు సుమారు 72 సంవత్సరములకు ఒక దినము. సుమారు 960 సంవత్సరములకు ఒక పూర్తి కార్తె. వేదాంగ జ్యోతిషము ఉత్తరాయణము ధనిష్ఠ మొదట ఆరంభమగునని చెప్పినది. నేడు డిసెంబరు 22 ప్రాంతమున సూర్యుడు మూల కార్తెలో నుండును. ఈ రెంటి నడుమ ఎడమునుబట్టి ఆ పరిశీలన మూడువేల సంవత్సరములకు పైబడినదని గణకులు లెక్కించిరి. పలకను గాని బండను గాని నక్షత్ర పంచాంగమనువారు ఇట్టి తారీఖును దానినుండి రాబట్టగలిగిన, అది ఇతర ఆధారములతో పొందిన, అప్పుడు నమ్మవచ్చును.

ఈ కొలత మన కార్తెలకును తగులును. ఆరవ శతాబ్దమున, వరాహమిహిరుని కాలమున, మృగశిర ప్రవేశము ఋతువులనుబట్టి చూచిన నేటికంటె మూడు వారములు ముందు, అనగా మన మే నడుమ వచ్చెడిది. అప్పుడది తొలకరి కాదు, నడివేసవి. కావున మృగశిరకు తొలకరి యను మాట అనాదిగా వచ్చినది కాదు. తరతరముల రైతులు ఆకాశమును, నేలను కలిపి చూచుచు దిద్దుకొనుచు వచ్చినది. మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ జరుగుడునే దృష్టియందుంచుకొని సూచనలు చేసినది. ఆ ఫలితముగా 1957 మార్చి 22న శక సంవత్సర జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది.

రొంగొరొంగొ పలకలలో నాలుగింటిని శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఒకదాని కొయ్య 15వ శతాబ్దపు కడపటిదో 16వ శతాబ్దపు మొదటిదో యని 2024లో ప్రకటించిరి. కొయ్య వయస్సు తెలిసినది. దానిమీది మాట తెలియలేదు. వస్తువు నిలిచిననేమి, దానిని చదువు మనిషి లేనప్పుడు? మామరి పలకలో కొంతయైన మనకు తెలిసినదన్న, అది కొందరు వృద్ధులు రాత్రుల పేర్లు చెప్పుటచేతను, వాటిని కొందరు ఓపికతో వ్రాసికొనుటచేతను మాత్రమే.

నూజివీడు తోటలలో ఏ కార్తెలో ఏ రకము పూచునో, ఏ వానకు ఏ కాయ చెడునో చెప్పగల పెద్దలు నేడును ఉన్నారు. పూత ముందువెనుకలగుచున్నదని, వానలు కార్తె తప్పుచున్నవని వారు చెప్పుచున్నారు. అది నిజమా, ఎంతవరకు నిజము అని తేల్చవలెనన్న కార్తె పేరు, ఇంగ్లీషు తేదీ, చెట్టు రకము, పడిన వాన, నాలుగును ఒకే పుస్తకమున పక్కపక్కన వ్రాసియుంచవలెను. బడి చదువుచున్న మనుమడో మనుమరాలో తాతగారి ప్రక్కన కూర్చుండి చేయదగిన పని యిది. ఇందులకు కావలసినది ఒక నోటుపుస్తకము, ఏడాదికి ఇరువది యేడు పంక్తులు.