పాచిక చెప్పు క్యూ లెక్క

మధ్యాహ్నము పన్నెండున్నర గంటలకు విశ్వవిద్యాలయ వసతిగృహములో అడుగిడినవారికి మొదట కనబడునది భోజనశాల ముందు సాగియున్న క్యూ. ఒంటిగంటకు ప్రయోగశాలలో నుండవలసిన విద్యార్థి కంచము చేతబట్టి గడియారము చూచుకొనుచుండును. లోపల వడ్డించువారికి చెమట తుడుచుకొను తీరిక లేదు. మరియొక వడ్డనబల్ల వేయరాదా యని విద్యార్థులు, ఇంకొక మనిషికి జీతమెక్కడిదని నిర్వాహకులు అందురు. ఇరువురి మాటయు న్యాయమే. కాని బల్ల వేసినచో క్యూ ఎంత తగ్గునో ముందుగా తెలిసికొనుట యెట్లు? ఆ పనిని నిజముగా చేయుటకు ముందు లెక్కలో చేసి చూచుటయే అనుకరణ పద్ధతి; దీనినే సిమ్యులేషన్ అందురు.

దీని మర్మము గ్రహించుటకు మన యింటిలోని పాచిక యొకటి చాలును. విశ్వవిద్యాలయ వైద్యశాలలో మందులిచ్చు కిటికీ యొకటి కలదనుకొందము. ఒక్కొక్కరికి మందిచ్చుటకు సరిగా 3 నిమిషములు పట్టును. ఒకరి వెనుక ఒకరు ఎన్ని నిమిషములకు వత్తురో పాచిక చెప్పును. పాచిక సగటు మూడున్నర గనుక, మనుష్యులు వచ్చుటకన్న పని వేగముగానే సాగును. ఇక క్యూ యేల యని తోచును. పాచిక వరుసగా 4, 1, 2, 6, 1 పడినదనుకొందము. మొదటివాడు 4వ నిమిషమున వచ్చి వెంటనే మందు పుచ్చుకొనును. 5వ నిమిషమున వచ్చినవాడు 2 నిమిషములు, 7వ నిమిషమున వచ్చినవాడు 3 నిమిషములు నిలువవలెను. 13వ నిమిషమున వచ్చినవానికి నిరీక్షణ లేదు. 14వ నిమిషమున వచ్చినవాడు మరల 2 నిమిషములు ఆగవలెను. ఆరంభమున కిటికీ 4 నిమిషములు ఊరకయున్నది కదా! ఆ తీరికను దాచియుంచి రద్దీవేళ వాడుకొనుటకు వీలులేదు. క్యూ పుట్టుకకు కారణ మిదియే.

ఈ విచారణ క్రొత్తది కాదు. కోపెన్‌హేగన్ టెలిఫోను సంస్థలో పనిచేసిన ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు 1909లోనే టెలిఫోను పిలుపుల రద్దీని గణితముతో వివరించెను. 1946లో ఉలామ్ అను శాస్త్రజ్ఞుడు జబ్బుపడి కోలుకొనుచు, ఒంటరిగా పేకాడుచు, ఆట గెలుచు అవకాశమును సూత్రముతో సాధించుటకన్న అనేకసార్లు ఆడి లెక్కించుట సులభమని తలపోసెను. ఆ తలపునుండి మాంటీకార్లో పద్ధతి వెలసినది. మనము పాచికతో ఐదుసార్లు చేసినదానిని కంప్యూటరు క్షణములలో లక్షసార్లు చేయగలదు.

ఇట్టి లెక్కలు నేర్పు పాఠ మొకటి కలదు. గంటకు సగటున 60 మందికి పని చేయగల కిటికీకి, రాకపోకలు నియమములేనివైనపుడు, గంటకు 48 మంది వచ్చిన సగటు నిరీక్షణ 4 నిమిషములు. 54 మంది వచ్చిన 9 నిమిషములు. 57 మంది వచ్చిన 19 నిమిషములు. పెరిగినవారు తొమ్మిదిమందియే, నిరీక్షణ మాత్రము దాదాపు ఐదురెట్లు! కనుక మనిషికి తీరిక చిక్కకుండ పని కల్పించుటయే పొదుపని భావించు నిర్వాహకుడు ఆ పొదుపును విద్యార్థుల కాలముతో చెల్లించుచున్నాడు. కొన్ని తరగతులను పావుగంట ముందుగా విడిచినచో రెండవ బల్ల లేకయే క్యూ తగ్గునేమో, ఖర్చు లేకుండ నమూనాలో పరీక్షింపవచ్చును. బస్సులు, గ్రంథాలయము, ప్రవేశ రుసుము కిటికీ, అన్నిటికి నిదే దారి.

అయినను నమూనాను గ్రుడ్డిగా నమ్మరాదు. ముందుగా కొన్ని దినములు ద్వారమువద్ద నిలిచి, వచ్చినవారిని, పట్టినకాలమును వ్రాసికొనవలెను. నమూనా చూపు క్యూ కన్నులకు కనబడు క్యూతో సరిపోలిన పిదపనే మార్పులు పరీక్షింపవలెను. అంతకన్న పెద్ద పొరపాటు వేరొకటి కలదు. క్యూలో నిలిచినవారినే లెక్కించినచో, పొడవు చూచి వెనుదిరిగి ఆకలితో తరగతికి పోయినవాడు లెక్కలోనికి రాడు. అట్టివారు ఎక్కువైనకొలది క్యూ చిన్నదగును. కాగితముపై నిర్వహణ బాగుపడినట్లు కనబడును! కనుక లెక్క పుస్తకము పట్టుకొని నిలుచువాడు ద్వారమువైపే కాక, ద్వారమునుండి మరలిపోవువారి వైపును చూడవలెను. లెక్క మొదలుకావలసినది వారితోనే.