బిడ్డల నెవ్వరడిగినారు?

1910 మార్చి నెలలో అడయారునందు ఒక తండ్రి ఒక కాగితముపై సంతకము చేసినారు. ఆయన మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్యగారు. రెవిన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఉద్యోగి. భార్య సంజీవమ్మ గతించి అప్పటికి నాలుగేండ్లు దాటినది. తల్లిలేని తన కుమారులిద్దరి సంరక్షణభారమును అనీబిసెంటుగారికి ఒప్పగించుచున్నాననునదియే ఆ కాగితపు సారాంశము. పెద్దవాడు కృష్ణమూర్తికి అప్పుడు పదునాలుగేండ్లు. చిన్నవాడు నిత్యానందమునకు పదకొండు.

రెండేండ్లలో తండ్రి మనస్సు మారినది. లెడ్‌బీటరు సహవాసము తన బిడ్డలకు తగదనియు, వారిని ఆయనకు దూరముగా ఉంచెదనని ఇచ్చిన మాట నిలువలేదనియు ఆయన ఆరోపణ. అప్పటికి పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు. 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టులో పుట్టిన వ్యాజ్యము మద్రాసు హైకోర్టుకు బదిలీ అయినది. బిసెంటుగారు వకీలును పెట్టుకొనక తన పక్షమున తామే వాదించినారు. 1913 ఏప్రిల్‌లో జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగింపవలసినదని తీర్పు చెప్పినారు. అప్పీలులోను తండ్రియే గెలిచినారు. ఆమె ఓటమి నంగీకరింపక లండనులోని ప్రీవీ కౌన్సిలు మెట్లెక్కినారు.

ఆమె పట్టుదలకు వెనుక ఒక పాత గాయమున్నదేమో! బిడ్డకొరకు న్యాయస్థానమున నిలుచుట ఆమెకది మొదటిసారి కాదు. 1873లో భర్త ఫ్రాంక్ బిసెంటునుండి విడిపోయినప్పుడు కొడుకు తండ్రివద్దను, కూతురు మేబెల్ తల్లివద్దను ఉండునట్లు ఒడంబడిక జరిగినది. భర్త మతాచార్యుడు, భార్య నాస్తికవాదమును వేదికలపై ప్రచారము చేయుచు, సంతాననిరోధమును గూర్చిన పుస్తకమును అచ్చువేసి శిక్షకు సైతము సిద్ధపడిన సాహసి. 1878లో భర్త కోర్టుకెక్కగా, న్యాయమూర్తి జెస్సెల్ ఆమె బిడ్డను ప్రేమతో సాకుచున్నదని ఒప్పుకొనుచునే, ఆమె భావములను కారణముగా చూపి ఎనిమిదేండ్లయినను నిండని మేబెల్‌ను తండ్రిపరము చేసినారు.

పిల్లలను చూచి వచ్చు హక్కు తరువాత అప్పీలు కోర్టులో దొరికినది. కాని ప్రతి సందర్శనమును ఒక సంఘర్షణగా మారుచుండ, ఆ పోరాటము పసిమనస్సులను నలుపుచున్నదని ఆమె గ్రహించినారు. తమంతట తాము ఆలోచించు వయస్సు వచ్చువరకు వారిని చూడననియు, ఉత్తరమైనను వ్రాయననియు నిశ్చయించుకొన్నారు. గెలుచుకొన్న హక్కును బిడ్డకొరకు విడిచిపెట్టిన తల్లి! పెద్దవారైన పిమ్మట ఇద్దరును ఆమెను వెదకికొని వచ్చినారు. అట్టి స్త్రీయే ముప్పదినాలుగేండ్ల తరువాత మరియొక తండ్రి ముందు ప్రతివాదిగా నిలిచినదనిన, విధి పరిహాసమనక ఏమనవలెను?

1914లో ప్రీవీ కౌన్సిలు హైకోర్టు తీర్పును కొట్టివేసినది. పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో నివసించుటలేదు గనుక ఆ జిల్లా కోర్టుకు అధికారమే లేదన్నది మొదటి మాట. అది వకీళ్ళకు ముఖ్యము. తక్కినవారికి ముఖ్యమైనది వేరు. తండ్రి సంరక్షకత్వము పవిత్రమైన ధర్మకర్తృత్వము వంటిదనియు, తాను బ్రతికియుండగా దానిని మరియొకరికి శాశ్వతముగా ధారపోయుట ఆయన తరము కాదనియు ప్రభువులు చెప్పినారు. పెంచుటకిచ్చిన బిడ్డను బిడ్డ మేలుకొరకు మరల తీసికొనవచ్చును. కాని ఈలోపల బిడ్డకు ఏర్పడిన అనుబంధములను, ఆశలను త్రెంచుట హానికరమనిన న్యాయస్థానము అడ్డుపడును. పదునెనిమిదేండ్ల వాడిని, పదునైదేండ్ల వాడిని గూర్చి ఇంత వాదము జరిగినది గదా, వారి పక్షమున కోర్టులో ఎవ్వరును నిలువలేదనియు, వారు ఇంగ్లండునుండి రాదలచినారో లేదో విచారింపబడలేదనియు తప్పుపట్టినారు.

పిల్లలు ఇంగ్లండులోనే పెరిగినారు. కృష్ణమూర్తి భారతదేశమునకు మరల వచ్చినది 1921 చివరలో. నారాయణయ్యగారు 1924లో కన్నుమూసినారు. తీర్పు న్యాయమే కావచ్చును. ఆ ముసలితండ్రికి కలిగిన కడుపుకోతకు మాత్రము ఏ ధర్మాసనమువద్దను మందు దొరకలేదు.

విచిత్రమేమనగా, బిడ్డ మాట వినుటకు చట్టములో చోటు అప్పటికే ఉన్నది. బుద్ధిపూర్వకముగా ఇష్టము చెప్పగల వయస్సు మైనరుకు వచ్చినచో దానిని లెక్కలోనికి తీసికొనవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే చెప్పుచున్నది. 1956 నాటి హిందూ మైనారిటీ చట్టము బిడ్డ క్షేమమే సర్వోపరియన్నది. ఐదేండ్లు నిండని శిశువు సామాన్యముగా తల్లియొద్ద ఉండవలెనన్నది. పిల్లలు తలిదండ్రులకు ఆస్తియు కారు, ఆటవస్తువులును కారని 1973లో రోసీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. సంరక్షణపై వెలువడు ఉత్తరువు ఏదియు కడపటిది కాదనియు, బిడ్డ పెరిగి పరిస్థితి మారినచో అదియు మారవచ్చుననియు ఆ తీర్పులోనే ఉన్నది. 1984 చట్టముతో కుటుంబ న్యాయస్థానములు వచ్చినవి. వాదనకన్న రాజీకి ముందు చోటిచ్చు ఏర్పాటది. బిడ్డ తన యింట లేని తండ్రియో తల్లియో ప్రతిదినము ఐదు పది నిమిషములైనను బిడ్డతో మాటలాడుటకు వీలుండవలెనని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు పలికినది. ఒకనాడు ఉత్తరము కూడ వ్రాయనని ఒట్టు పెట్టుకొన్న తల్లికి ఈ సౌకర్యము దొరకియుండిన!

అయినను కష్టము తీరలేదు. న్యాయమూర్తి తన గదిలోనికి బిడ్డను పిలిచి, తలిదండ్రులను వెలుపల ఉంచి మాటలాడును. ఆ బిడ్డ నోట వచ్చునది తన మాటయో, ఇంటివద్ద వల్లెవేయించిన మాటయో తేల్చుట సులభము కాదు. అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా యని ఇంటికి వచ్చిన చుట్టములు వేడుకకు అడుగుట, బిడ్డ సిగ్గుపడి తల్లి కొంగు చాటున దాగుట తెలుగిండ్లలో నిత్యము చూచునదే. అచ్చట ఆ ప్రశ్నకు దాగుకొనుటకు కొంగు లేదు. అనుభవశాలియైన న్యాయమూర్తి దానిని సూటిగా అడుగడు. బడిలో స్నేహితులెవరనియు, రాత్రి భయము వేసినచో ఎవరిని పిలుతువనియు అడిగి, బిడ్డ చెప్పువరకు వేచియుండును.